మీ పిల్లల ముఖం పాస్టెల్‌లో గీయాలంటే ఏది కొనాలి, ఏది వద్దు

స్టేషనరీ షాపుకు వెళ్లి "పాస్టెల్స్ ఇవ్వండి" అంటే, షాపాయన ఇంకో మాట అడగకుండా ఆయిల్ పాస్టెల్స్ డబ్బా తీసి కౌంటర్ మీద పెడతాడు. బళ్లో పిల్లలు వాడేది అదే కాబట్టి ఆయన తప్పేం లేదు. కానీ వీడియోల్లో చూసి మీరు ముచ్చటపడిన బొమ్మలు, బుగ్గల మీద వెలుగు మెత్తగా పరుచుకుని, ముంగురులు గాలిలో తేలుతున్నట్టుండేవి, చాలావరకు సాఫ్ట్ పాస్టెల్‌తో గీసినవి. కొన్ని షాపుల్లో దీన్నే డ్రై పాస్టెల్ అంటారు. రెండూ కడ్డీలే, రెండూ రంగుల డబ్బాల్లోనే వస్తాయి, కానీ ఒకదానితో నేర్చుకున్న పద్ధతి ఇంకోదానికి పెద్దగా పనికిరాదు. వీటికి తోడు పాస్టెల్ పెన్సిళ్లని మూడో రకం ఉంది.

ఈ మూడింటిలో ఏది గొప్పది అని అడిగితే జవాబు రాదు. మీ ఇంట్లో ఎవరెవరున్నారు, మీకు రోజుకు ఎంతసేపు దొరుకుతుంది, బొమ్మ ఎంత సైజులో కావాలి అని అడిగితే వస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బంతా కడ్డీల మీద పెట్టి కాగితం దగ్గర పొదుపు చేస్తారు. నన్నడిగితే ముందు ఇల్లు చూసుకోవాలి, తర్వాత కాగితం, ఆ తర్వాతే కడ్డీలు.

సాఫ్ట్ పాస్టెల్

రంగుపొడి, కొంచెం సుద్దలాంటి పొడి, అది విడిపోకుండా పట్టుకునేంత జిగురు. ఇందులో ఉండేది అంతే. జిగురు చాలా తక్కువ కాబట్టి కాగితం మీద పడేది దాదాపు అచ్చమైన రంగే. నూనె లేదు కాబట్టి కాలం గడిచేకొద్దీ పసుపెక్కదు. వెనిస్ చిత్రకారిణి రోసాల్బా కరియేరా 1720లో పారిస్ వెళ్లి, అప్పటికి పదేళ్లవాడైన ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీని పాస్టెల్‌తోనే గీసింది. ఆ శతాబ్దంలో యూరప్‌లో ముఖచిత్రాలకు పాస్టెల్ ఒక ఊపు ఊపింది. అప్పటి బొమ్మల్లో చాలావాటికి అద్దం వెనక ఇప్పటికీ చర్మపు నిగారింపు పోలేదు.

తల్లిదండ్రులకు ఇందులో ఉన్న పెద్ద సుఖం వేరే. రంగు కలుపుకునే పని లేదు, ఆరే దాకా ఆగే పని లేదు. పావుగంట దొరికితే పావుగంట గీస్తారు, కుక్కర్ విజిల్ వేస్తే లేస్తారు, మళ్లీ రాత్రి పదింటికి ఎక్కడ ఆపారో అక్కడే మొదలుపెడతారు. తప్పు పడితే గట్టి కుంచెతో పొడి దులిపేసి పైన మళ్లీ వేయొచ్చు. ముదురు రంగు మీద లేత రంగు నిలుస్తుంది. పిల్లల ముఖంలో గీతల కంటే మెత్తటి మార్పులే ఎక్కువ కాబట్టి, వేలితో ఒక్కసారి రాస్తే బుగ్గ గుండ్రం తిరిగిపోతుంది.

ఇబ్బందల్లా పొడితోనే. అది గాల్లో లేస్తుంది, నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకు అంటి నోట్లోకి పోతుంది. కొన్ని రంగుల్లో కాడ్మియంలాంటి విష లోహాలుంటాయి. మన ఇళ్లలో ఇంకో సమస్య సీలింగ్ ఫ్యాన్. ఫ్యాన్ వేసుకుని సాఫ్ట్ పాస్టెల్ వాడితే గదంతా రంగే, ఆపేసి గీద్దామంటే మే నెలలో ప్రాణం పోతుంది. పొద్దున్నే పని పెట్టుకోవడం, లేదా బోర్డును నిట్టనిలువుగా పెట్టి పడిన పొడిని కింద తడి బట్ట మీద పట్టడం నయం. మాస్కు పెట్టుకోండి. పొడిని నోటితో ఊదొద్దు, బోర్డును బాల్కనీలోకి తీసుకెళ్లి వెనకనుంచి తట్టండి. ఇంట్లో ఏడాదిన్నర పాప ఉండి, తలుపేసుకునే గది లేకపోతే మాత్రం ఇప్పటికి సాఫ్ట్ పాస్టెల్ జోలికి వెళ్లొద్దనే నా సలహా.

ఆయిల్ పాస్టెల్

మైనం, ఎండిపోని నూనె, రంగుపొడి. జపాన్‌లో సకురా కంపెనీ 1920లలో బడి పిల్లలను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. 1949లో ఫ్రాన్స్‌లో సెన్నెలియే సంస్థ పికాసో కోసం చిత్రకారుల స్థాయివి తయారుచేసింది. కాబట్టి ఇది పిల్లల సరుకని తీసిపారేయక్కర్లేదు. పొడి లేదు, చవక, ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది.

అయితే పిల్లల ముఖానికి ఇది మొండిది. చవక రకం కడ్డీలో మైనం ఎక్కువ, రంగు తక్కువ. రెండు పొరలు వేసేసరికి కాగితం జారుడుగా తయారై మూడో పొర పట్టదు. ముదురు నీడ మీద వెలుగు చుక్క పెట్టాలంటే బ్లేడుతో గీకాలి. రబ్బరుతో పోదు. రంగు రాలకుండా కొట్టే మామూలు ఫిక్సేటివ్ స్ప్రే దీని మీద పనిచేయదు, బొమ్మ ఎన్నాళ్లయినా పూర్తిగా ఎండదు. రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల ఎండాకాలం కడ్డీలు చేతిలోనే జావకారిపోతాయి. కావాలంటే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి వాడుకోవచ్చు.

ఇది నప్పే బొమ్మ ఒకటుంది. పెద్ద సైజులో, వివరాల జోలికి పోకుండా, రంగులు ధైర్యంగా వేసి, పాప నవ్వును పదిహేను ఇరవై ముద్దల్లో తేల్చేసేది. అలాంటిది కావాలనుకుంటే బడి డబ్బా పక్కనపెట్టి ముంగ్యో కంపెనీ గ్యాలరీ రకం మెత్తటి ఆయిల్ పాస్టెల్స్ తెప్పించుకోండి. రెప్పవెంట్రుకలు లెక్కపెట్టేంత పోలిక కావాలనుకుంటే మాత్రం దీనితో తలనొప్పే.

పాస్టెల్ పెన్సిళ్లు

సాఫ్ట్ పాస్టెల్‌నే కాస్త గట్టిగా చేసి కర్రలో పెట్టినవి. ఫేబర్-కాస్టెల్ పిట్, స్టెబిలో కార్బోథెల్లో, డెర్వెంట్ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. కళ్లు, ముక్కుపుటాలు, పెదవుల అంచు, నుదుటి మీద పడ్డ వెంట్రుకలకు ఇవి కావలసిందే. ఎందుకంటే ఏ4 కాగితం మీద భుజాలతో సహా ముఖం వేస్తే కన్ను రెండు సెంటీమీటర్లు దాటదు, నల్లగుడ్డు అందులో సగం కూడా ఉండదు. సాఫ్ట్ పాస్టెల్ కడ్డీ మందమే దాదాపు సెంటీమీటరు. దాంతో కంట్లో మెరుపు ఎలా పెడతారు?

పొడి తక్కువ, చేతికి అంటుకోదు, డైనింగ్ టేబుల్ మీద కూర్చుని గీసుకోవచ్చు. కానీ వీటితోనే బొమ్మంతా వేద్దామంటే వెనకున్న నీలం గోడ నింపడానికే రెండు సాయంత్రాలు పడతాయి. ఇంకో సంగతి, కింద పడితే లోపల ముక్కలైపోతాయి, చెక్కినప్పుడల్లా మొన ఊడొస్తుంది. షార్ప్‌నర్ వద్దు, బ్లేడుతో చెక్కి గరుకు కాగితం మీద మొన తీయండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ బ్లేడు ఎక్కడ పెడతారో ముందే ఆలోచించుకోండి.

నేనైతే ఇలా కొంటాను. ముప్ఫై నలభై రంగుల, సగం పొడవు కడ్డీల సాఫ్ట్ పాస్టెల్ సెట్ ఒకటి, విడిగా ఎనిమిది పది పెన్సిళ్లు, ఏ3 సైజులో మంచి కాగితం. నేపథ్యం, జుట్టు, బట్టలు, బుగ్గలు కడ్డీలతో, మిగతాది పెన్సిళ్లతో. ఏ4లోనే గీయాలనుకుంటే లెక్క తిరగేసి పెన్సిళ్లు పాతిక, కడ్డీలు నాలుగైదు. డెబ్బై రెండు రంగుల సెట్టు చూడ్డానికి బాగుంటుంది గానీ అందులో సగం పువ్వులకూ ఆకాశానికీ పనికొచ్చేవే.

చర్మం రంగు

సెట్టు కొనేముందు మూత తీసి చూడండి. లేత గులాబీ కడ్డీ ఒకటి "స్కిన్" అనే పేరుతో ఉంటుంది. తెలుగు పిల్లల ముఖానికి దాని అవసరం దాదాపు లేదు. "పోర్ట్రెయిట్ సెట్" అని అమ్మేవాటిలో చాలావరకు యూరప్ చర్మాన్ని లెక్కలో పెట్టుకున్నవే. మీ చామనచాయ బాబుకు కావలసింది ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), రా సియెనా (పసుపు గోధుమ), బర్న్‌ట్ సియెనా (ఎర్ర గోధుమ), బర్న్‌ట్ అంబర్ (ముదురు గోధుమ), ఇటుక ఎరుపు, ముదురు ఊదా, ఆలివ్ ఆకుపచ్చ, ఒక మట్టి నీలం. ఇవి విడి కడ్డీలుగా దొరికితే సెట్టు లేకపోయినా పని జరుగుతుంది.

నీడలో నలుపు వేస్తే ముఖం మసి పూసినట్టవుతుంది. గడ్డం కింద నీడకు ఊదా, బర్న్‌ట్ అంబర్ ఒకదాని మీద ఒకటి వేయండి. నుదుటి మీద, ముక్కు కొన మీద మెరుపుకు తెలుపు కాదు, కిటికీ వెలుగులో అది లేత నీలంగానో బూడిదరంగుగానో ఉంటుంది. ఛాయ ముదిరేకొద్దీ ఈ చల్లటి మెరుపు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, గీయడానికి ఇంకా బాగుంటుంది. నూనె రాసి దువ్విన జడ కూడా అంతే. ఇండిగో, ముదురు గోధుమ కలిపి పరిచి, పాపిటకు అటూ ఇటూ బూడిద నీలం పట్టీ ఒకటి వేస్తే చాలు, నల్ల కడ్డీ తీయక్కర్లేదు.

సొంత పిల్లలను గీసేటప్పుడు ఛాయ ఒకటి రెండు మెట్లు పైకి పోతుంది. పక్కింటి పిల్లల్ని గీసినప్పుడు ఈ జబ్బు ఉండదు. చూసిన బంధువులు "కొంచెం తెల్లగా వేయాల్సింది" అని దాన్ని ఇంకా ఎగదోస్తారు. వాళ్ల మాట వినొద్దు. ఛాయ మారిస్తే పోలిక కూడా జారిపోతుంది, ఎందుకంటే బుగ్గకూ కంటి తెలుపుకూ మధ్య ఉన్న తేడాలోనే సగం పోలిక ఉంది. ఆ కంటి తెలుపు కూడా అసలు తెలుపు కాదు, లేత బూడిద. ఇక దిష్టి చుక్క, కాటుక ఉంచాలా వద్దా అంటారా, రోజూ పెడుతుంటే ఉంచేయండి. పదేళ్ల తర్వాత ముందు నవ్వుకునేది దాన్ని చూసే.

కాగితం

డ్రాయింగ్ పుస్తకం కాగితం మీద సాఫ్ట్ పాస్టెల్ రెండు పొరలకు మించి నిలవదు. పాస్టెల్‌కు పళ్లున్న కాగితం కావాలి, పొడి ఆ గరుకులోనే ఇరుక్కుంటుంది.

మనకు తేలిగ్గా దొరికేది కాన్సన్ మి-తాంత్, 160 జీఎస్ఎం (కాగితం బరువు చెప్పే కొలత, ఎక్కువైతే మందం). దీనికి ఒకవైపు తేనెపట్టులాంటి గళ్లు, రెండోవైపు నునుపు. చాలామంది గళ్లవైపే అసలువైపని గీసేస్తారు. పిల్లల ముఖానికి నునుపువైపే వాడండి. గళ్లవైపు గీస్తే మూడేళ్ల పాప బుగ్గ మీద జాలీ కనిపిస్తుంది, ఎంత రుద్దినా పోదు. ఇదే తరగతిలో ఫాబ్రియానో తిజియానో కూడా బాగుంటుంది.

దానికి పైమెట్టు పాస్టెల్‌మాట్, 360 జీఎస్ఎం. ఖరీదు చాలా ఎక్కువ. కానీ పొరలు ఎన్ని వేసినా పడతాయి, ఫిక్సేటివ్ దాదాపు అక్కర్లేదు, పొడి కూడా తక్కువ రాలుతుంది. మొదటి రెండు బొమ్మలు మి-తాంత్ మీద గీసి, గోడకు పెట్టేదాన్ని దీని మీద గీయడం మంచి బేరం. చిన్న సెట్టు కొని మిగిలిన డబ్బు ఇక్కడ పెట్టండి. హార్డ్‌వేర్ షాపులో దొరికే గరుకు కాగితం వాడమని కొందరంటారు. అభ్యాసానికి సరే, దాచుకునే బొమ్మకు వద్దు. అందులో ఆమ్లం ఉంటుంది, కడ్డీలను కూడా మింగేస్తుంది.

తెల్ల కాగితం వద్దు. మధ్యస్థంగా ఉండే వెచ్చటి బూడిద, ఎండిన గడ్డి రంగు, మట్టి ఆకుపచ్చ తీసుకోండి. కాగితమే సగం నీడల పని చేసిపెడుతుంది.

ఎదురుగా కూర్చోబెట్టాలా, ఫొటో చూసి గీయాలా

నాలుగేళ్ల పిల్లాణ్ని అరగంట కదలకుండా కూర్చోబెట్టగలిగితే పాస్టెల్ ఎందుకు, మీరు ఏదైనా సాధించగలరు. కానీ ఎదురుగా గీయడానికి ఒక దారి ఉంది. పోలండ్‌లో క్రాకోవ్ చిత్రకారుడు స్తానిస్వావ్ విస్పియాన్‌స్కీ (1869–1907) తన పిల్లలను పాస్టెల్‌లో మళ్లీ మళ్లీ గీశాడు. 1900లో కూతురు హెలెంకాను గీశాడు, 1904లో నిద్రపోతున్న కొడుకు మియెటెక్‌ను. నిద్రపోయే పిల్లలు కదలరు, అంతే. ఆయన బొమ్మలు తల్లిదండ్రులకు ఇంకో రకంగా కూడా ధైర్యమిస్తాయి. సాగిపోయే ముదురు గీత ఒకటి, దాని లోపల పలచగా రంగు, చాలాచోట్ల కాగితాన్ని అలాగే వదిలేయడం. ఫొటోలా నునుపుగా రావాలన్న టెన్షన్ లేని పద్ధతి అది.

కళ్లు తెరిచి ఉన్న ముఖం కావాలంటే ఫొటో తప్పదు. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కిపోతాయి. ఆరేడు అడుగుల దూరం నుంచి, రెండింతల జూమ్‌తో, పిల్లాడి కళ్ల ఎత్తులో కూర్చుని తీయండి. ఫ్లాష్ వద్దు, వెలుగు కిటికీలోంచి ఒక పక్కనుంచి పడాలి. బ్యూటీ ఫిల్టర్ తీసేయండి, కొన్ని ఫోన్లలో అది అడగకుండానే ఆన్‌లో ఉంటుంది, ఛాయను కూడా తెల్లబరుస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ వాడితే జుట్టు అంచులు మాయమవుతాయి.

పళ్లన్నీ కనిపించే నవ్వు ఫొటోలో బాగుంటుంది, బొమ్మలో మాత్రం తేడా కొడుతుంది. ఒక్కో పన్నునూ గీత గీసి విడదీస్తే పిల్లాడు ముసలివాడైపోతాడు. నోరు మూసిన ఫొటోనే తీసుకోండి, బొమ్మలు చూస్తూ లోకం మరిచిపోయినప్పుడు తీసింది మరీ మంచిది. స్టూడియోలో తీయించిన పుట్టినరోజు ఫొటోలు అన్నిటికంటే కష్టం. వెలుగు రెండువైపులనుంచి పడి ముఖం బల్లపరుపుగా ఉంటుంది, నీడే ఉండదు.

ఫొటో చూసి గీసినా రంగు మాత్రం ఎదురుగా చూసే వేయండి. ప్రింటులో నీడలన్నీ ఒకే నలుపుగా పడతాయి. పాప అన్నం తింటున్నప్పుడు పక్కన కూర్చుని గడ్డం కింద ఏ రంగుందో చూసి, కాగితం ముక్క మీద నాలుగు గీతలు వేసుకోండి.

ఆకారం దించడానికి గళ్లు కొట్టుకోవచ్చు, ట్రేసింగూ చేయొచ్చు, అందులో నామోషీ ఏం లేదు. కాకపోతే మామూలు పెన్సిల్‌తో గట్టిగా గీయొద్దు, ఆ జిడ్డు మెరుపు మీద పాస్టెల్ జారుతుంది. కార్బన్ పేపర్‌లో మైనం ఉంటుంది, అదీ వద్దు. ప్రింటు వెనక బొగ్గు గానీ గోధుమరంగు పాస్టెల్ గానీ రాసి, కాగితం మీద పెట్టి ముందునుంచి గీయండి, పల్చటి ఆనవాలు దిగుతుంది. చూసుకోవలసిన కొలత ఒకటే. పెద్దవాళ్లకు కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగంలో ఉంటాయి. చిన్నపిల్లలకు అంతకంటే కిందికి. నుదురు మీరు అనుకున్నదానికంటే పెద్దది, ముక్కు వంతెన ఉందా లేదా అన్నట్టుంటుంది. అక్కడ గీత గీశారంటే వయసు పెరిగిపోతుంది.

పటం, ఫిక్సేటివ్, ప్రయాణం

ఫిక్సేటివ్ మధ్యమధ్యలో ఒక పలచటి పొర కొట్టొచ్చు, అడుగు దూరం నుంచి, ఆరుబయట. చివరి పొర మీద కొట్టకపోవడమే మంచిది, లేత రంగులు అక్కడికక్కడే మసకేస్తాయి. హెయిర్ స్ప్రే మాట ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

పటాలు కట్టే షాపులో మాత్రం పక్కనే నిలబడి చెప్పి చేయించుకోవాలి. సాఫ్ట్ పాస్టెల్ బొమ్మ అద్దానికి తగలకూడదు. చుట్టూ మందపాటి మౌంట్ (మధ్యలో కోసిన అట్ట చట్రం) పెట్టి, అద్దానికీ బొమ్మకూ మధ్య ఖాళీ వదలాలి. యాక్రిలిక్ షీటు వద్దు, దాన్ని తుడిచినప్పుడు పుట్టే స్టాటిక్‌కు పొడి లేచి అతుక్కుంటుంది, నిజం అద్దమే వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి చెమ్మ ఊళ్లలో వానాకాలం బూజు భయం ఎక్కువ. బయటి గోడకు, వంటింటి గోడకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోట తగిలించొద్దు. పటం కింది మూలల్లో చిన్న బిరడా ముక్కలు అతికిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. ఆయిల్ పాస్టెల్ బొమ్మకూ అద్దం, ఖాళీ రెండూ కావాలి, ఎండ పడే గోడైతే మరీ ప్రమాదం.

చవక కడ్డీల్లో గులాబీలు, ఊదాలు త్వరగా వెలిసిపోతాయి. బొమ్మ మొదలుపెట్టేలోపే మీ దగ్గరున్న రంగులు కాగితం మీద పట్టీలుగా వేసి, సగం అట్టతో కప్పి, ఎండ పడే కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచండి. తేడా కనిపించిన రంగును పాప పెదవులకు వాడకండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి, బొమ్మను తెనాలిలోని అమ్మమ్మకు పంపాలనుకునేవాళ్లు అద్దంతో పంపొద్దు, గుండ్రంగా చుట్టి గొట్టంలో అసలే పెట్టొద్దు, సగం రంగు గొట్టానికే పోతుంది. పైన గ్లాసిన్ అనే పలచటి నునుపు కాగితం గానీ బటర్ పేపర్ గానీ పరిచి, అది జరగకుండా నాలుగు మూలలా టేపు వేసి, రెండు గట్టి అట్టల మధ్య బిగించి, ఎవరైనా వస్తుంటే సూట్‌కేసులో బట్టల మధ్య బల్లపరుపుగా పెట్టి పంపండి. పటం అక్కడే కట్టించుకోవచ్చు, మౌంట్ సంగతి ఫోన్లో చెప్పడం మాత్రం మరిచిపోకండి.